ఎవరి సగం వాళ్లది

వెర్లిన్ ఆసెన్ ఉద్యోగం ఎందుకు పోయిందో మా ఊళ్లో రెండు రకాలుగా చెప్పుకుంటారు. తాగి పోగొట్టుకున్నాడని ఒక కథ. రష్యావాళ్లకి ఏదో అమ్ముకున్నాడని ఇంకో కథ. రెండోది చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. వెర్లిన్ జన్మలో అమ్మింది ఒక పాత ట్రాక్టరు. అది చలికాలం సరిగ్గా స్టార్ట్ కాదని కొనేవాడికి తనే చెప్పి, ధర తనే తగ్గించి, భోజనం కూడా పెట్టి పంపాడు. ఇలాంటివాడు రష్యావాళ్లతో బేరానికి కూర్చుంటే వాళ్లే జాలిపడి ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపేవాళ్లు.

నిజం నాకు తెలుసు. నా పేరు లాయిడ్ బ్రాకెల్. వాడూ నేనూ వైమానిక దళంలో సార్జెంట్లం, పదకొండేళ్లు పక్కపక్కనే పనిచేశాం. ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు వాడు పోయాడు. వాడి పొలం మూల నేల కింద పెట్టిన క్షిపణినీ పట్టుకుపోయారు, గొయ్యి పూడ్చేశారు, పైన గోధుమ వేశారు. పంట బాగానే పండుతోంది. ఇంక నేను చెబితే ఎవరికి నష్టమో నాకు అర్థం కావడం లేదు.

ఆ రోజుల్లో మా ఉత్తర డకోటాలో ఎటు చూసినా గోధుమ చేలు, చేల మధ్యలో కంచెలు, కంచె లోపల కాంక్రీటు మూత, మూత కింద క్షిపణి. అక్కడక్కడా నేల లోపల బాగా లోతున ఒక గది. ఆ గదిలో రాత్రీ పగలూ ఇద్దరు ఆఫీసర్లు. చెరో తాళంచెవి. ఇద్దరూ ఒకేసారి తిప్పితే పైనున్నది లేస్తుంది. ఒక్కడే రెండూ తిప్పలేకుండా కుర్చీలు దూరం దూరంగా వేశారు. చెంచాకి తాడు కట్టి లాగితే ఒక్కడే తిప్పెయ్యొచ్చని ఆఫీసర్లు జోకులేసుకునేవాళ్లు. ఆ జోకుకి మేం కూడా హాయిగా నవ్వేవాళ్లం. ఎందుకంటే ఆ తాళంచెవుల మీద మళ్లీ మా తాళం ఉంది.

మా తాళమంటే నంబరు. వాషింగ్టన్ నుంచి ఆజ్ఞ వస్తే దాంతోపాటే నంబరూ వస్తుంది. ఆఫీసర్లు తమ బల్ల మీదున్న చిన్న చక్రాలు తిప్పి ఆ నంబరు పెట్టాలి. గోడకున్న ఇనప్పెట్టెలో మేం ముందే పెట్టి మూసిన నంబరుతో అది కలిస్తేనే తాళంచెవులకి ప్రాణం వస్తుంది. కలవలేదా, వాటిని తాళంలో తిప్పినా ఒకటే, చెవిలో తిప్పుకున్నా ఒకటే. ఆజ్ఞ లేనప్పుడు ఆఫీసర్ల చక్రాలన్నీ సున్నాల మీద ఉంచాలి. అది రూలు.

ఇనప్పెట్టెలో నంబరు మార్చేది మేమిద్దరం, ఏడాదికోసారి. మొత్తం నంబరు ఒకే మనిషికి తెలియకూడదు గనక దాన్ని రెండు ముక్కలు చేశారు. మొదటి సగం వెర్లిన్‌ది, రెండో సగం నాది. పెట్టెకి రెండు మూతలు. వాడు తన మూత తీసినప్పుడు నేను గోడ వైపు తిరిగి నిలబడాలి, నా వంతప్పుడు వాడు తిరగాలి. బయటికి పోదామంటే కుదరదు, ఆ పెట్టె దగ్గర ఏ మనిషీ ఒంటరిగా ఉండకూడదు. తిరిగి నిలబడ్డవాడు ఊరికే నిలబడితే చాలదు, గట్టిగా ఏదో ఒకటి వల్లిస్తూ ఉండాలి. అవతలివాడి చక్రాలు టిక్కుటిక్కుమంటే ఆ చప్పుడు లెక్కపెట్టకుండా అన్నమాట. తల తిప్పితే గొంతు మారి దొరికిపోతాడు కూడా.

వెర్లిన్ తన పెళ్లాం వంటలు వల్లించేవాడు. "రూబార్బ్ కాడలు నాలుగు కప్పులు, పంచదార కప్పున్నర, వెన్న చల్లగా ఉండాలి" అని గోడకి పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. నేను కేథలిక్కుని, మరియమ్మ జపం చదివేవాణ్ణి.

"ఒరేయ్ లాయిడ్, మీ మరియమ్మ పదేళ్లుగా మన పెట్టె పక్కనే ఉంటోంది. ఆవిడ చేత కూడా రహస్య ప్రమాణం చేయించాల్రా" అనేవాడు.

"ఆవిడ ఎవరికీ చెప్పదు. మీ లూథరన్లకి చెబితే మాత్రం ఆదివారం చర్చి కింది గదిలో కాఫీ దగ్గర ఊరంతా తెలిసిపోతుంది" అనేవాణ్ణి నేను.

ఇక్కడ నా సగం సంగతి చెప్పాలి. మొదటి ఏడాది పైనుంచి వచ్చిన సీలు పొట్లం విప్పి చూస్తే అన్నీ సున్నాలే. చక్రాలు అప్పటికే సున్నాల మీద ఉన్నాయి. తిప్పడానికేం లేదు. కాసేపు బుర్ర గోక్కున్నాను. తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను, ఇది దొంగల్ని బోల్తా కొట్టించడానికి పెట్టిన ఉత్తుత్తి సగం, అసలు నంబరంతా వెర్లిన్ సగంలో ఉందని. పెద్దవాళ్లు నమ్మకం వాడి మీద పెట్టారని కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. మరుసటేడూ సున్నాలే. ఆ పై ఏడూ అంతే. అడుగుదామా అంటే అడగడమే నేరం. మూత తీసిన వెంటనే మూసేస్తే నా సగంలో ఏమీ లేదని వెర్లిన్‌కి తెలిసిపోతుందని, పనున్నవాడిలా దగ్గుతూ, ఒక చక్రాన్ని ఒక గంటు ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కాసేపు నిలబడేవాణ్ణి. నటనలో నాకు చెయ్యి తిరిగిపోయింది.

వెర్లిన్ భార్య ఆర్డిస్. మాట కటువు, చెయ్యి మెత్తన. స్కూలు బస్సు నడిపేది. పొలం వాళ్ల నాన్నది. ఆ పొలం మూలనే ప్రభుత్వం ఒక ముక్క తీసుకుని గొయ్యి తవ్వింది, రోడ్డుకి అవతల గది కట్టింది. అప్పటికి ఆవిడ కడుపుతో ఉంది. ఈ చావుల కొంప పక్కన నేను పిల్లల్ని పెంచను, పొలం అమ్మేసి మినెసోటాలో మా అక్క దగ్గరికి పోదాం పద అని పట్టుబట్టింది. పెట్టెలు కూడా సర్దింది. ఆ రోజు వెర్లిన్ చెప్పకూడని మాట ఒకటి చెప్పాడు.

"దానికి తాళం ఉంది ఆర్డిస్. పిచ్చిపట్టినవాడు కూడా దాన్ని లేపలేడు. ఆ తాళం వేసేది నేనే."

ఆవిడ మొగుడి మొహంలోకి చూసి పెట్టెలు విప్పేసిందట. తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టారు, రోలీ, జానెల్, టిల్డా. ఆ కంచె పక్కనే ఆడుకున్నారు. కంచె దగ్గర కాపలా కాసేవాళ్లకి ఆర్డిస్ బంగాళాదుంపలు వేసి కాల్చిన హాట్‌డిష్ పంపేది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ క్షిపణి గురించి మాట్లాడగా నేను వినలేదు. వెర్లిన్ మాట ఒకటుంది కదా, ఆవిడకి అది చాలింది.

మా పదకొండో ఏడు జనవరిలో మంచు తుఫాను వచ్చిపోయి బడులు మూసిన రోజు, పొద్దున్నే డ్యూటీ మారడానికి వెళ్లిన ఆఫీసర్లకి కింది గది తలుపు తెరుచుకోలేదు. లోపలున్నది కెప్టెన్ ఫెంటన్. మంచివాడనే పేరు. క్రిస్మస్‌కి ముందు భార్య వదిలేసి వెళ్లింది, ఆ సంగతి పైవాళ్ల దాకా పోనివ్వకుండా కడుపులో పెట్టుకున్నాడు. పోనిస్తే ఉద్యోగం ఊడుతుంది. మా దగ్గర దిగులుపడటం కూడా నేరమే. తన పిస్తోలు చూపించి తోటి జూనియర్ ఆఫీసరు దగ్గరున్న తాళంచెవి లాక్కున్నాడు, వాణ్ణి కుర్చీకి కట్టేశాడు. ఫోన్ ఎత్తి, "నా భార్యని లైన్లోకి తీసుకురండి. లేదంటే తిప్పేస్తా" అన్నాడు.

మా పై అధికారి కర్నల్ రడ్డాక్ మమ్మల్నిద్దర్నీ జీపులో అక్కడికి లాక్కెళ్లాడు. ఆయన మొహం మంచు కంటే తెల్లగా ఉంది.

"పక్క గదుల్లో ఆఫీసర్లు దీన్ని ఆపగలరని రూల్స్ పుస్తకంలో రాశారు. ఆపుతారో లేదో ఎవడు చూశాడు? మీ తాళం నిలుస్తుందా? అది చెప్పండి" అన్నాడు.

"నిలుస్తుంది సార్" అన్నాడు వెర్లిన్.

"ఖాయంగా?"

వెర్లిన్ రోడ్డవతల పొగ వస్తున్న ఇంటిని చూపించాడు. "నా పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారు సార్."

కర్నల్ నా వైపు చూశాడు. నేనూ తలూపాను. నేను తలూపింది వెర్లిన్ సగాన్ని నమ్ముకుని. ఆ క్షణంలో వెర్లిన్ నా వైపు చూసి చిన్నగా కన్నుగీటాడు. ఆ కన్నుగీటడం ఎందుకో మర్నాటికి గానీ నాకు అర్థం కాలేదు.

ట్రక్కులూ జీపులూ చూసి ఆర్డిస్ మోకాళ్ల దాకా మంచులో నడుచుకుంటూ కంచె దగ్గరికి వచ్చింది. చేతిలో ఫ్లాస్కు. కాపలావాళ్లు ఆపలేదు, ఆవిడ హాట్‌డిష్ తినని కాపలావాడు అక్కడ లేడు.

"ఏమిటి వెర్లిన్ ఇదంతా?"

"చెప్పలేను."

"చెప్పొద్దులే. ఒకటే అడుగుతాను. పిల్లల్ని బస్సెక్కించుకుని అక్క దగ్గరికి వెళ్లిపోనా?"

నేను పక్కనే ఉన్నాను. రోడ్డు మీద మంచు తోసే బండి అప్పుడే వెళ్లింది, పోవాలనుకుంటే పోవచ్చు. అది గనక లేస్తే, అవతలివాళ్లు పంపేవి ముందు దిగేది మా పొలాల మీదే. అది మాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

"వద్దు. ఇంట్లోనే ఉండండి" అన్నాడు వెర్లిన్.

"తాళం?"

"ఉంది."

"అయితే సరే. కాఫీ తాగు, చల్లారిపోతుంది. లాయిడ్‌కి కూడా కొంచెం పొయ్యి, ఆ మొహం చూడు, ఎవరో పోయినట్టు పెట్టాడు" అని ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది. కాసేపటికి పిల్లలు ముగ్గురూ బయటికొచ్చి గొయ్యి కంచె పక్కన పోగుపడిన మంచు దిబ్బ మీదనుంచి జారడం మొదలుపెట్టారు. ఎర్ర టోపీలు పైకి పోవడం, కిందికి రావడం చూస్తూ మేం పొద్దంతా అక్కడే నిలబడ్డాం.

మధ్యాహ్నం దాటాక ఫెంటన్ భార్య ఎక్కడో టెక్సస్‌లో దొరికింది. ఏం మాట్లాడిందో ఏమో, కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఫెంటన్ పసిపిల్లాడిలా ఏడుస్తూ బయటికొచ్చాడు. జూనియర్ చేతులు రుద్దుకుంటూ చెప్పాడు, "నిజంగానే చెంచాకి తాడు కట్టాడు సార్. రెండు తాళంచెవులూ దూర్చాడు. తాడు బిగించి పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది." అది విని మేం కొంచెం నవ్వుకున్నాం కూడా. పాపం పిచ్చోడు, లాగినా ఏమయ్యేదిలే అనుకున్నాం.

మర్నాడు పొద్దున్న గ్లాడిస్ కేఫ్‌లో గుడ్లూ వేయించిన బంగాళాదుంపలూ తెప్పించుకున్నాం. వెర్లిన్ మంచి హుషారుగా ఉన్నాడు.

"ఒరేయ్, నువ్వు లూథరన్‌వి అయ్యుంటే నీ పేరు మా చిన్నదానికి పెట్టేవాణ్ణిరా" అన్నాడు.

"నేనేం చేశానని?"

"నిన్న నా పిల్లల్ని కాపాడింది నీ సగమేగా."

"నా సగమా? ఎందుకురా వెటకారం? అంతా నీ పుణ్యమే" అన్నాను.

"నా దాంట్లో ఏముందిరా" అని నవ్వి, సగంలో ఆగిపోయాడు. అనకూడని మాట. పదకొండేళ్లలో మొదటిసారి వాడి నోట్లోంచి వచ్చింది. నేను కూడా అక్కడితో ఊరుకోవాల్సింది. కానీ ఊరుకోలేకపోయాను.

"నా దాంట్లో మాత్రం ఏముంది?" అన్నాను.

వెర్లిన్ ఫోర్కు కింద పెట్టాడు. గ్లాడిస్ పక్క బల్ల దగ్గర ఎవరికో రూబార్బ్ పై ముక్క వడ్డిస్తూ నవ్వుతోంది. బల్ల మీద కొంచెం ఉప్పు ఒలికి ఉంది. వాడు చూపుడువేలితో ఆ ఉప్పులో ఒక సున్నా చుట్టాడు. చుట్టి నా మొహంలోకి చూశాడు, కాదని చెప్పు అన్నట్టు. వాడి సున్నా పక్కన ఇంకో సున్నా చుట్టాను.

పెట్టె నిండా సున్నాలు. ఆఫీసర్ల చక్రాలు ఎప్పుడూ ఉండేది సున్నాల మీద. అంటే ఆ తాళం ఏ రోజూ వేసి లేదు. ఫెంటన్‌కి ఏ నంబరూ అక్కర్లేదు. అతను తాడు లాగి ఉంటే చాలు.

వెర్లిన్ లేచి బయటికి పోయాడు. నేను వెనకాలే వెళ్లాను. కేఫ్ పక్క సందులో మంచులోకి వంగి తిన్నదంతా కక్కేశాడు. ఆ తర్వాత గోడకి ఆనుకుని కూర్చుని చేతులు చూసుకున్నాడు.

"బస్సెక్కించుకుని పోతానందిరా. నేను వద్దన్నాను" అన్నాడు.

"నీకేం తెలుసు? నాకు మాత్రం తెలుసా?"

"ఏటా నా మూత దగ్గర నిలబడి ఊరికే చక్రాలు ఆడించేవాణ్ణి, నీకు తెలిసిపోకూడదని."

"నేనూ అంతే."

వాడు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. నాకు ముందు భయం, ఆ వెనక చెప్పలేనంత సిగ్గు, ఆ పైన కోపం వచ్చాయి. ఇద్దరు గడ్డాలొచ్చిన మగాళ్లు, ఒకడు వంటలు చదువుతూ, ఒకడు జపం చదువుతూ, తాళమే లేని పెట్టెకి పదకొండేళ్లు కాపలా కాశారు. మా గొంతులు అంత గట్టిగా వినిపించబట్టి గానీ, అవతల చక్రాలు తిరగడంలేదని చెవిటివాడికి కూడా తెలిసేది.

నేను ఫిర్యాదు రాసి పైకి పంపుదామన్నాను. వెర్లిన్ కాగితాలు వద్దు, మాట్లాడతానన్నాడు. కర్నల్ దగ్గరికెళ్లి, "నా సగంలో ఇన్నేళ్లుగా సున్నాలు తప్ప ఏమీ లేవు సార్, ఇది సరైన తాళం కాదు" అని చెప్పాడు. కర్నల్‌కి కూడా ఆ సంగతి తెలియదని ఆయన కుర్చీలో కూలబడ్డ తీరులోనే తెలిసింది. ఆయన పైకి ఫోన్ చేశాడు. రెండ్రోజుల్లో పెద్దాఫీసు నుంచి ఒక మనిషి దిగాడు. మంచి సూటు, మంచులో నడవడానికి పనికిరాని బూట్లు. పేరు చెప్పలేదు. మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు. కర్నల్ ఒక పక్కన కూర్చున్నాడు, మాటలు రాసుకోవడానికి ఒక లెఫ్టినెంటు ఉన్నాడు.

"సార్జెంట్, నువ్వు నీ సగం గురించే మాట్లాడొచ్చు. నీ సగం ఎలా ఉండాలో నీకు చెప్పాల్సిన అవసరం మాకు లేదు" అన్నాడు ఆ మనిషి.

"మొన్న ఫెంటన్ తాడు లాగి ఉంటే ఏమయ్యేది సార్?"

"లాగలేదు కదా."

"లాగి ఉంటే?"

ఆ మనిషి విసుగ్గా కళ్లజోడు తుడుచుకున్నాడు. "చూడు. ఆజ్ఞ వచ్చినరోజు ఒక్క క్షణం ఆలస్యం కూడా పనికిరాదు. నంబరు దారిలో ఎక్కడో చిక్కుకుందని చేతులు కట్టుకుని కూర్చుంటామా? తాళం ఉండాలి అంది వాషింగ్టన్. పెట్టాం. అందులో ఏ నంబరు పెట్టాలో వాషింగ్టన్ చెప్పలేదు."

ఇంత మాట ఇంత తాపీగా అనగలిగే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. లెఫ్టినెంటు రాయడం ఆపి ఆయన వైపే నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నాకు లేచి ఆ కళ్లజోడు నేలకేసి కొట్టాలనిపించింది. వెర్లిన్ మాత్రం చల్లగా ఉన్నాడు. బయల్దేరే ముందే వాడు ఏదో తేల్చుకునే వచ్చాడని నాకప్పుడు అర్థమైంది.

"సార్, లెఫ్టినెంటుగారిని ఇది రాసుకోమనండి. రెండో సగం కూడా నాకు తెలుసు. నంబరు మొత్తం నాకు తెలుసు" అన్నాడు.

లెఫ్టినెంటు మళ్లీ పెన్ను ఎత్తాడు.

మా పనిలో దీనికంటే పెద్ద తప్పు లేదు. ఆ రూలు మాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. రెండు సగాలూ ఒకే మనిషికి తెలిస్తే ఆ నంబరు చచ్చినట్టే. ఆ రోజే ప్రతి గదిలోనూ మార్చెయ్యాలి. ఆ నంబరుని మళ్లీ ఎప్పటికీ వాడకూడదు. తెలుసుకున్నవాడు ఆ క్షణం నుంచి ఉద్యోగంలో ఉండడు, పెన్షన్ కూడా ఉండదు. వెర్లిన్‌కి పెన్షన్ రావడానికి ఇంకెంతో దూరం లేదు.

"ఏం మాట్లాడుతున్నావో తెలుసా?" అన్నాడు ఆ మనిషి.

"తెలుసు సార్. పైకి చదవమంటారా?"

"నోరు ముయ్యి."

"నాకూ తెలుసు సార్" అన్నాను నేను. నా గొంతు పిల్లి కూతలా వచ్చింది. ధైర్యమని కాదు. వాణ్ణొక్కణ్ణీ దూకనిచ్చి నేను ఒడ్డున కూర్చుంటే ఆర్డిస్ మళ్లీ నాకు రూబార్బ్ పై ముక్క పెట్టదు.

ఆ మనిషి లెఫ్టినెంటు వైపు తిరిగి, "ఇదేమీ రాయక్కర్లేదు" అన్నాడు. లెఫ్టినెంటు కర్నల్ వైపు చూశాడు. ఆయన మా మీద అరిచిన అరుపులూ, ఆపిన సెలవులూ చాలా ఉన్నాయి. ఆయన చెయ్యి చాపి ఫోన్ ఎత్తాడు. "నంబరు బయటపడింది. ఇద్దరు మనుషులు. రూలు ప్రకారం వెంటనే మార్చాలి. అవును, అన్ని గదుల్లోనూ" అన్నాడు. ఆ ఒక్క ఫోన్‌తో ఆయన పాత లెక్కలన్నీ నేను కొట్టేశాను.

సాయంత్రానికి మా బ్యాడ్జీలు లాగేసుకున్నారు. బయట ఎవరితోనైనా నోరు విప్పితే జైలని సంతకాలు పెట్టించుకున్నారు. మా ఇద్దరి గురించీ బేస్‌లో పాకింది ఒకే మాట, గోడ వైపు తిరిగి నిలబడి దొంగచూపులు చూశారని. మా వాళ్లలో అంతకంటే నీచమైన తిట్టు లేదు. మొన్నటిదాకా భుజం మీద చెయ్యి వేసినవాళ్లు కేఫ్‌లో మమ్మల్ని చూసి బల్ల మారేవాళ్లు. ఊరికి ఆ మాత్రం కూడా తెలియదు గనక తాగుడనీ, రష్యా అనీ సొంతంగా అల్లుకుంది. నేను ధాన్యం గోదాములో పనికి కుదిరాను. వెర్లిన్ పొలం పనిలో దిగాడు.

అయినా వాడికి మనసు కుదురుగా లేదు. "పాత నంబరు పెట్టకూడదు, నిజమే. కానీ అసలు మార్చారో లేదో ఎలా తెలుస్తుందిరా?" అని రోజూ నన్ను తినేసేవాడు. వారం తిరక్కుండా అదీ తేలిపోయింది. మా జాగాలోకి వచ్చినవాళ్లలో పర్విస్ అనే దక్షిణాది జార్జియా మనిషి ఒకడు, చలిని తిట్టడం తప్ప ఇంకో మాట తెలియనివాడు. గ్లాడిస్ దగ్గర మా వెనక బల్ల దగ్గర కూర్చుని కాఫీ కప్పు రెండు అరచేతులతో ఎత్తుతున్నాడు. బొటనవేలికి టేపు చుట్టి ఉంది.

"వేలికేమైందయ్యా?" అంది గ్లాడిస్.

"పాడు పని. తుప్పుపట్టినట్టున్నాయమ్మా, ఎన్నేళ్ల నుంచి తిప్పలేదో ఏమో. తిప్పీ తిప్పీ చర్మం ఊడింది" అని, ఎక్కువ మాట్లాడానని గుర్తొచ్చి కప్పులో మొహం దాచుకున్నాడు.

వెర్లిన్ తల వంచుకుని తన టోస్టు వైపు చూస్తూ ఉండిపోయాడు. భుజాలు వణుకుతున్నాయి. ఏడుస్తున్నాడని నేను గ్లాడిస్‌కి కనపడకుండా అడ్డం కూర్చున్నాను.

అక్కణ్ణించి ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆర్డిస్ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. పొద్దున్న కొట్లో ఎవరో రష్యా సంగతి ఎత్తితే వాళ్ల బుట్టలోని గుడ్లు వాళ్ల కాళ్ల మీదే పడేసి వచ్చిందట. ఆ సంగతి చెప్పి, "నువ్వు ఏం చేశావో నాకు చెప్పవు. చెప్పకూడదు, సరే. నేను అడగను. పెన్షన్ పోతే పోయింది, ఆవులున్నాయి, బస్సుంది. నువ్వు తప్పుడు పని చెయ్యవని నాకు తెలుసు" అంది.

వెర్లిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మొహం తేటగా ఉంది. చాలా రోజుల తర్వాత వాణ్ణి అలా చూశాను.

"ఒక్కటి మాత్రం చెప్పు" అంది ఆవిడ, దుంప తిప్పుతూ. "నువ్వు మానేశావు కదా. తాళం ఉన్నట్టేనా?"

"ఉంది ఆర్డిస్. దిగులుపడకు. ఇప్పుడు ఉంది."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఇప్పుడా?" అంది.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. పిల్లలు ముగ్గురూ కంచె పక్క దిబ్బ మీద ఉన్నారు. ఆర్డిస్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కత్తి బల్ల మీద పెట్టి, కోటు కూడా వేసుకోకుండా తలుపు తీసుకుని వెళ్లి గుమ్మంలో నిలబడి, రోలీ, జానెల్, టిల్డా అని పేరు పేరునా పిలిచింది. అప్పుడే ఎందుకని వాళ్లు గునుస్తూ వచ్చారు. ఆవిడ గుమ్మం దిగి మంచులో మోకాళ్ల మీద కూర్చుని ముగ్గురి టోపీలూ తీసేసి, తలలూ చెంపలూ చేతులూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. ఇంట్లోకి రమ్మని పిలవడానికి వెర్లిన్ గుమ్మం దాకా వెళ్లాడు గానీ, దాటడానికి వాడికి ధైర్యం చాల్లేదు.